గెడ్డ దిగువన ఎవరున్నారు?

విశాఖపట్నంలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లలో కొన్ని మన కొండల నీళ్లు. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి పారి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నగరానికి తాగునీరిచ్చే వాటిలో తాటిపూడి ఒకటి, శారదా నది మీది రైవాడ మరొకటి. 1955లో మాచ్‌ఖండ్‌లో మొదలైన కరెంటు కూడా కొండనీటిదే. ఆ ప్రాజెక్టు కోసం ఊళ్లు వదిలినవాళ్లలో ఆదివాసీ కుటుంబాలు చాలా ఉన్నాయి.

ఇప్పుడు మన పిల్లలు అదే నగరానికి చదువుకీ పనికీ వెళ్తున్నారు. మంచి నగరాన్ని కట్టే బాధ్యత యువతదేనని అక్కడి సభల్లో వింటున్నారు. వాళ్లలో కొందరికి ఒక ప్రశ్న వస్తుంది. మన దగ్గర ఇంత తీసుకున్న నగరాన్ని బాగుచేయడం మన పనేనా?

ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి రెండు సులువైన జవాబులు ఉన్నాయి. నగరం నీకు చదువిచ్చింది, రుణం తీర్చుకో అంటారు కొందరు. చదువు మన పిల్లల హక్కు, దానికి రుణం ఏమిటి? అది మన ఊరు కాదు, నాలుగు డబ్బులు సంపాదించుకుని వచ్చెయ్ అంటారు ఇంకొందరు. ఇదీ సరికాదు. మనిషి ఎక్కడ నీళ్లు తాగుతాడో, ఎక్కడ చెత్త పారేస్తాడో అక్కడ అతనికి బాధ్యత ఉంటుంది. సొంత ఇల్లా, అద్దె గదా అన్నది దానికి అడ్డు కాదు.

ఈ మాట మనకు కొత్త కాదు. గెడ్డలో పై రేవు తాగే నీళ్లకి, దాని కింద స్నానాలకీ బట్టలకీ, ఇంకా కింద పశువులకి. ఎవరూ కాగితం మీద రాయలేదు, కాపలా పెట్టలేదు. దిగువ ఊళ్లో ఉన్నది మన మేనత్తో, సంతలో రోజూ కనిపించే మనిషో. నీళ్లు పాడుచేసి వాళ్ల ముఖం ఎలా చూస్తాం?

నగరంలో దిగువ మనిషి ముఖం కనబడదు. నీళ్లు గొట్టంలో వస్తాయి, మురుగు గొట్టంలో పోతుంది, చెత్త తెల్లవారేసరికి బండి ఎక్కుతుంది. విశాఖ చెత్త ఏళ్ల తరబడి కాపులుప్పాడ యార్డుకు చేరింది. ఆ పక్కన బతికేవాళ్లు ఎవరో నగరంలో చాలామందికి తెలియదు. విశాఖలో ఎర్రిగెడ్డ అని ఒకటుంది. పేరులో గెడ్డ ఉంది కానీ పారేది మురుగు. అక్కడివాళ్లు చెడ్డవాళ్లు కాబట్టి ఇలా జరగలేదు. ఎవరి దిగువన ఎవరున్నారో కనబడకపోతే మంచివాళ్లూ పట్టించుకోరు.

అందుకే యువత చేయాల్సిన మొదటి పని తెలుసుకోవడం. తాగే నీళ్లు ఏ జలాశయానివి? హాస్టల్ మురుగు ఏ కాలువలో కలుస్తోంది? చెత్త ఎవరి ఇళ్ల పక్కన పోస్తున్నారు? పదిమంది కలిసి కనుక్కుంటే ఒక నెలలో తేలే విషయాలివి. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త ఇంట్లోనే వేరు చేయాలని 2016 నిబంధనలు చెప్పాయి. మనం కలిపేసి ఇస్తే దాన్ని చేతులతో వేరు చేసే మనిషి ఒకరుంటారు. అది తెలిసినవాడు కలిపి ఇవ్వడానికి వెనకాడతాడు.

రెండో పని అడగడం. 1989 నుంచి 18 ఏళ్లకే ఓటు వచ్చింది. ఊళ్లో గ్రామసభలో నిలబడి మాట్లాడటం చూసిన పిల్లలు నగరంలో వార్డు సమస్యల దగ్గర ఎందుకు నోరు మూసుకోవాలి? పేవ్‌మెంటు మీద చీపుళ్లు, పనసపళ్లు అమ్ముకునే మన ఆడవాళ్లను తరిమేస్తే నగరం అందంగా మారదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వ్యాపార కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఆ సంగతి మన పిల్లలు చదివి అక్కడున్న పెద్దమ్మలకి చెప్పాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. యువత ఒకరోజు చీపురు పట్టి ఫొటో దిగితే నగరం బాగుపడదు. రోజూ ఊడ్చేది పారిశుద్ధ్య కార్మికులు. వాళ్లకి సరైన జీతం, చేతులకి గ్లౌజులు ఇవ్వడం, మురుగునీరు శుద్ధి చేయడం, బస్సులు నడపడం పాలకుల పని. పిల్లల అలవాట్ల గురించి ఉపన్యాసాలిచ్చి ఆ పని తప్పించుకోనివ్వకూడదు. మన వంతు మనం చేసినప్పుడు వాళ్ల వంతు అడగడానికి గొంతు వస్తుంది.

నగరం వృథా చేసే ప్రతి బిందె నీటికీ, ప్రతి యూనిట్ కరెంటుకీ ఎక్కడో ఒక కొండ మీద లెక్క పడుతుంది. ఆ లెక్క నగరంలో చెప్పగలిగినవాళ్లు రెండు చోట్లా బతికిన మన పిల్లలే. అందుకే వాళ్లు అక్కడ ఒదిగి ఉండాల్సిన అతిథులు కారు.

ఇదంతా దూరపు నగరం గురించే అనుకోవద్దు. 2022లో పాడేరు జిల్లా కేంద్రమైంది. అరకులో లాడ్జీలు పెరుగుతున్నాయి. వంజంగి కొండ మీద మేఘాలు చూడటానికి వచ్చినవాళ్ల సీసాలు అక్కడే ఉండిపోతున్నాయి. మన కళ్ల ముందే పట్నాలు పుడుతున్నాయి. ఇక్కడి గెడ్డలు ఇంకా గెడ్డలుగానే ఉన్నాయి. ఏ కాలువ ఎటు పోవాలి, చెత్త ఎక్కడికి చేరాలి అన్నది ఇప్పుడే అడిగితే పని తక్కువ. పదేళ్లాగి అడిగితే, ఎర్రిగెడ్డను మళ్లీ గెడ్డను చేయడమంత కష్టం.