పక్కనుంచి అందించిన మాట

కరోనా రోజుల్లో, 2020లో, మా మనవరాలు నాలుగో తరగతి ఫోనులోనే చదివింది. శ్రీకాకుళంలో మా ముందుగదే దాని బడి. అది ఫోను ముందు, నేను తలుపు చాటున! అందరిళ్లలోనూ ఇదే భాగవతమేమో లెండి. టీచరమ్మ అడగడం తరువాయి, తల్లులూ అమ్మమ్మలూ పక్కనుంచి అందిస్తే జవాబులన్నీ ఒకే అచ్చులో పోసినట్టు వచ్చేవి.

ఒకనాడు, "నది మనకేం చేస్తుంది?" అని ప్రశ్న. మాది నాగావళి ఒడ్డాయె, ఇదో లెక్కా అనుకుని, "సాగునీరు, తాగునీరు" అని గుసగుసలాడాను. అది వినిపించుకోలేదు. "ఏరు మా తాత మడి తినీసినాది టీచర్" అంది. మా అల్లుడిగారి ఊరూ ఆ ఏటి ఒడ్డునే.

నాకు తల కొట్టేసినట్టయింది. "తినీయడమేమిటే? పొలం కోతకు గురైంది అనాలి" అని గదిమాను. పిల్ల బిక్కమొహం వేసి, "సాగునీరు, తాగునీరు" అని అప్పజెప్పేసింది.

టీచరమ్మ వదల్లేదు. "ముందు చెప్పిందే చెప్పమ్మా. ఎలా తినేసింది?" అని అడిగి, ఊరుకుని కూర్చుంది. ఆ కాసేపూ నా ప్రాణం గిలగిల్లాడింది. చివరికి పిల్ల నోరు విప్పింది. వరదట, జారిపోయిన గట్టట, గట్టుతోపాటు పోయిన కొబ్బరిచెట్టట. వెంటనే ఇంకో పిల్లాడు, "అయితే ఏరు మంచిదా, చెడ్డదా?" అన్నాడు. చూశారూ, ఈ ప్రశ్న ఏ గైడులో ఉంది?

ఆ రాత్రి గిడుగు రామమూర్తిగారు గుర్తొచ్చారు. 1863లో మన వంశధార ఒడ్డున, పర్వతాలపేటలో పుట్టిన మనిషి. సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి ఆ భాషలోనే చదువు చెప్పే ఏర్పాటు చేశారు. మాట్లాడే తెలుగునే బడిలో రాయనివ్వమని పోరాడారు. ఇన్నాళ్లూ అదంతా భాష గొడవే అనుకున్నాను. మాట లాక్కుంటే దాంతో ఆలోచనా పోతుందని నాకు తట్టలేదు. "కోతకు గురైంది" పుస్తకం మాట. "తినీసినాది" తాత మొహం చూసినప్పుడు దాని మనసులో పుట్టిన మాట.

అలాగని తప్పులు దిద్దొద్దా? దిద్దాలి. రెండు రెళ్లు అయిదంటే ఊరుకుంటామా? కానీ ముందు వినాలి, తరవాత దిద్దాలి. నిజం చెప్పొద్దూ, నేను ప్రేమతో అందిస్తున్నాననుకున్నాను గానీ, అది నా పరువు కోసం.

బడులు తెరిచి ఏళ్లయింది. ఇప్పటికీ అది ఏదో చెప్పబోతే జవాబు నా నాలిక చివరికి వచ్చేస్తుంది. అప్పుడు గబుక్కున ఓ వక్కపలుకు నోట్లో వేసుకుంటాను. అది నమిలేలోగా పిల్ల తన మాట తను వెతుక్కుంటుంది.