గ్రంథాలయము - గురుఋణము

గురువునకు శిష్యుడు ఋణపడి యుండునని మనము తరతరములుగా వినుచున్నాము. శిష్యునకు గురువు ఋణపడి యుండునా యని మాత్రము సాధారణముగా నెవరును ప్రశ్నింపరు. ఉండునని నేనందును. తాను చెప్పినదానిని పరీక్షించి చూచు సాధనమును గురువు శిష్యునకు చూపవలెను. అదియే యాతని ఋణము. విశ్వవిద్యాలయములలో నా సాధనమునకు గ్రంథాలయమని పేరు. దానిని పుస్తకముల గిడ్డంగిగా నెంచుటవలన మన విద్యకు కలుగుచున్న హాని యెట్టిదో విచారింతము.

నా తప్పిదముతో నారంభించుట న్యాయము. తెలుగు పద్యము నన్నయతో, అనగా పదునొకండవ శతాబ్దమున, పుట్టినదని నేను చాల యేండ్లు తరగతిలో చెప్పుచుంటిని. నా చిన్ననాటి నోటుపుస్తకములో నట్లే యుండెను. వేములవాడలో నుండి యిట్లు చెప్పుట మఱింత సిగ్గుచేటు. ఏలయన, ఇచ్చటి చాళుక్యప్రభువగు రెండవ అరికేసరి యాస్థానకవి పంపడు 941లో కన్నడమున ఆదిపురాణమును రచించెను. ఆతని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల యొద్ద బొమ్మలగుట్టపై జినబింబములను చెక్కించి, సంస్కృత కన్నడాంధ్రములు మూటియందును శాసనము వేయించెను. అందు తెలుగు కందపద్యములు కలవు. ఆ గుట్ట మా యూరినుండి యొక్క పూటలో పోయి రాదగిన దూరమున నున్నది.

పై చదువులకు పోయిన నా పూర్వవిద్యార్థి యొకడు సెలవులలో వచ్చి, "సారూ, నన్నయకు సుమారు నూఱేండ్లు ముందే మన గుట్టమీద కందములున్నవి కదా! అద్దంకి శాసనములోని తరువోజ యంతకంటెను పాతది, 848 నాటిదందురు. విశ్వవిద్యాలయములో శాసనసంపుటములు చూచితిని" అని మెల్లగా ననెను. మొదట నాకు కోపమే వచ్చెను. సిగ్గు తరువాత వచ్చెను. నన్నయ యాదికవి కాకపోలేదు. భారతముతో కావ్యమార్గమును నిలిపినవా డాతడే. కాని కావ్యము పుట్టుక వేఱు, పద్యము పుట్టుక వేఱు. ఈ భేదమును నాకు శిష్యుడు నేర్పెను. ఆతనికి గ్రంథాలయము నేర్పెను.

ఆతడు మఱియొక మాటయు చెప్పెను. తాను మొదట నడిగిన పుస్తకము తనకు కావలసినది కాదట. గ్రంథపాలకుడు ఆతని ప్రశ్న నోపికతో విని, ఏ ప్రాంతపు శాసనము లే సంపుటమున నుండునో, ఒక పండితుని పాఠమును మఱియొకని పాఠముతో నెట్లు పోల్చి చూడవలెనో చూపెనట. ఇట్టివానిని బంట్రోతుగా చూచుట కంటె నవివేకము లేదు. తరగతిలోని గురువు సమాధానము చెప్పును. ఈ గురువు సమాధానమును వెదకు దారి చెప్పును. శిష్యుడు జీవితాంతము వాడుకొనునది రెండవదియే. ఉపాధ్యాయునకును దీనివలన మేలు కలదు: తన నోటుపుస్తకమునకు తాను బానిస కాకుండును.

1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన శ్రీ రంగనాథన్‌గారు అంతకుముందు గణితోపాధ్యాయులు. 1931లో ప్రకటించిన తమ పంచసూత్రములలో మొదటిదానిగా, పుస్తకములు ఉపయోగము కొఱకని వారు చెప్పిరి. ఇంత తేటమాటను సూత్రముగా చెప్పవలసి వచ్చినదన్న, లోకమున దానికి విరుద్ధముగా నెంత జరుగుచుండెనో యూహింపవచ్చును. ఐరోపాలో నొకప్పుడు పుస్తకములను బల్లలకు గొలుసులతో కట్టిరి. మనకు గొలుసులు లేవు, తాళములున్నవి. ఒకానొక కళాశాలలో అద్దాల బీరువాల వెనుక మంచి గ్రంథములను చూచితిని. తాళపుచెవులు సెలవులో నున్న యుద్యోగి యొద్ద నుండెను. ఆతని నొక్కని నిందించి లాభము లేదు. పోయిన పుస్తకమునకు లెక్క యడుగువారున్నారు; ఎవరును చదువని పుస్తకమునకు లెక్క యడుగువారు లేరు.

మన పెద్దలు ఇట్లు తలపలేదు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించునాటికి మన ప్రాంతమున విశ్వవిద్యాలయమే లేదు. ఉస్మానియా వచ్చినది 1918లో. అచ్చట బోధనభాష ఉర్దూ. కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయము వచ్చినది 2008లో. విశ్వవిద్యాలయముకంటె ముందు గ్రంథాలయమును కట్టుకొన్నవారి సంతానము, నేడు విశ్వవిద్యాలయముండియు గ్రంథాలయమును మఱచుట తగునా?

చేతిలో ఫోను ఉండగా గ్రంథాలయమేల యని కొంద ఱడుగుదురు. 2025 మొదలు కేంద్రప్రభుత్వము ఒకే చందాతో సుమారు 13,000 పరిశోధన పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటు చేయ బూనినది. శోధ్‌గంగలో దేశమునందలి సిద్ధాంతవ్యాసములను ఇంటనుండియే చూడవచ్చును. ఇది గొప్ప మేలే. కాని పదార్థము పెరిగినకొలది వివేకము పెరుగదు. ఇతరుల వ్రాతను తనదిగా చూపుట మునుపటికంటె సులభమైనది. అందుకే 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము దానిపై నియమములు చేసెను. నియమము దొంగను పట్టగలదు గాని సత్యాన్వేషకుని పుట్టింపలేదు. ఈ మాట యెవరిది, ఆధారమేది, కాదన్నవా రెవరు అని యడుగు నలవాటే యాతనిని పుట్టించును. ఆ యలవాటును గ్రంథపాలకుడును అధ్యాపకుడును కలిసి నేర్పవలసి యున్నది.

ఇందు గృహస్థుల పాలును కలదు. కొడుకు పొద్దుపోవువఱకు గ్రంథాలయమున కూర్చుండిన విద్యాసక్తి యని మురియుదుము. కూతురు కూర్చుండిన ఇంకను రాలేదేమని కలతపడుదుము. దారి భద్రము కానిచో దారిని బాగుచేయుమని యడుగవలెను గాని, పుస్తకమును మూయుమని పిల్లకు చెప్పరాదు. ఆమె ప్రశ్నకు మనము వేయు తాళము కళాశాల బీరువా తాళముకంటె చిన్నది కాదు.

మీ బిడ్డ కళాశాలనుండి వచ్చినప్పుడు మార్కులెన్ని యని యడుగుచున్నారు, అడుగుడు. దానితోపాటు, గురువు చెప్పినదానిలో నేది గ్రంథాలయమున సరిచూచితివని కూడ నడుగుడు. ఆ ప్రశ్నకు కోపించు నుపాధ్యాయు డుండిన, ఒకనాడు నేనును కోపించితినని యాతనికి చెప్పుడు.