మధుకర ధర్మం

ఎంత పుచ్చుకోవచ్చునో, ఎక్కడ చేయి ఆపవలెనో మానవజాతికి కొత్తగా బోధింపనక్కరలేదు. ఆ ఎరుక అనాది. మరుపు ఒక్కటే తరతరానికీ కొత్తగా పుడుతుంది. ఆ మరుపు గడ్డకట్టకుండుటకే కాబోలు, ప్రాచీనులు ఈ ధర్మాన్ని శాస్త్రాలకు మాత్రమే అప్పగించక, వేలెడైనా లేని ఒక కీటకంలో ప్రతిష్ఠించి పూజించారు.

నైలునదీ తీరప్రభువులు సింహపరాక్రమం ఎరుగనివారు కారు. అయినను సుమారు 5000 ఏళ్ల కిందటనే తమ రాజబిరుదంలో ఎగువ సీమకు తుంగమొక్కను, దిగువ సీమకు తేనెటీగను చిహ్నాలుగా నిలుపుకొన్నారు. సూర్యదేవుడైన రా కన్నీరు నేలరాలి తేనెటీగలైనదని వారి పురాణం. అబూ గురాబ్‌లో న్యుసెర్రె ప్రభువు కట్టించిన సూర్యాలయపు శిల్పఫలకంపై, క్రీ.పూ. 2400 ప్రాంతంలో, దొంతరగా పేర్చిన తేనెగూళ్ల ఎదుట ఒకడు మోకరిల్లి ఉన్నాడు. ఆవల మరికొందరు తేనెను పాత్రలలోనికి వంచుతున్నారు. చివరివాడు కూజాకు ముద్ర వేస్తున్నాడు. ఆ మోకరిల్లుట పనికోసమే కావచ్చు. కానీ పరుల శ్రమఫలాన్ని అందుకొనేవానికి అంతకంటె తగిన భంగిమ మరొకటి లేదు.

ఎఫెసస్ పురం తన నాణేలపై తేనెటీగను ముద్రించింది. శ్రీశైలాన జగన్మాత భ్రమరాంబగా వెలసింది.

ఇంతటి పూజ్యత తేనె తీపివలన మాత్రమే వచ్చినది కాదు. నువ్వుచేలో తేనెటీగ పూవులోనికి దూరి, మకరందం పీల్చి వెలుపలికి వచ్చేసరికి దాని రోమాలనిండా పుప్పొడి అంటి ఉంటుంది. ఆ పుప్పొడి మరొక పూవును చేరి గింజ కట్టిస్తుంది. పుచ్చుకొన్న చోటు పేదది కాలేదు సరికదా, ఫలవంతమైనది. పూలకాలంలో కూలియీగ ఆయువు ఇంచుమించు ఆరు వారాలు. పట్టులో అది చేర్చిన తేనెలో అధికభాగం తరువాత పుట్టబోయేవాటికే దక్కుతుంది. దీర్ఘాయువు పొందిన మనుజుడు మాత్రం తన తరానికే సర్వమూ చాలదని వగచుట వింత.

ఈ ధర్మాన్ని విదురుడు ధృతరాష్ట్రునికి యుద్ధానికి ముందే విన్నవించాడు: పూవు చెడకుండ తేనె గ్రహించే తుమ్మెదవలె, రాజు ప్రజలను పీడింపక ధనం గ్రహించవలెనని. రాజు విన్నాడు, మెచ్చాడు, మరచాడు. నూరుగురు కుమారులు కూలిన పిదప అదే విదురుడు అదే రాజుకు మరల తేనె కథే చెప్పవలసి వచ్చింది.

ఘోరారణ్యంలో దారితప్పిన ఒక విప్రుడు పాడుబావిలో పడి, తీగలలో చిక్కి తలకిందులుగా వ్రేలాడుతున్నాడు. అడుగున మహాసర్పం, గట్టున ఆరు ముఖాలు, పన్నెండు పాదాలు గల ఏనుగు, పైనున్న చెట్టు మొదలును నల్లని, తెల్లని ఎలుకలు కొరుకుతున్నాయి. కొమ్మనున్న తేనెపట్టు నుండి బొట్టు బొట్టుగా తేనె రాలుతున్నది. ఆ విప్రుడు దేనికీ వెరవక, నోరు తెరచి ఆ బొట్లనే చప్పరిస్తున్నాడు. ఎంత చప్పరించినా తనివి లేదు.

విని ధృతరాష్ట్రుడు ఎంతో జాలిపడ్డాడు. ఆ దీనుడు ఏ దేశంలో ఉన్నాడు, వానిని గట్టెక్కించే ఉపాయమేమి అని అడిగాడు. ఆ ఏనుగు సంవత్సరమని, ఎలుకలు రాత్రింబవళ్లని, ఆ బావి ఈ శరీరమేనని విదురుడు విడమరచి చెప్పవలసి వచ్చింది.