రేజరు బరువే చాలు

మన విశాఖ పెందుర్తి సెలూన్లలో బ్లేడును కాగితంతోపాటే రెండుగా విరిచి, ఒక సగాన్ని కత్తికి తొడిగి గడ్డం గీస్తారు. మిగతా సగం ఇంకొకరికి. ఇంట్లో ఎవరికి వారు ఆ బ్లేడు వాడుకునేలా చేసినవాడు కింగ్ క్యాంప్ జిల్లెట్. 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. అంతే! మరుసటి ఏడాది పేటెంటు వచ్చింది.

ఇప్పుడు కొందరు కుర్రాళ్ళు ప్లాస్టిక్ రేజరు వదిలి ఆ బ్లేడే తొడిగే తాతల నాటి సేఫ్టీ రేజరు పట్టుకుంటున్నారు. వాళ్ళకి ముందుగా చెప్పాల్సింది ఒకటే: నొక్కకండి. దాని బరువే దాని పని చేసుకుంటుంది. గడ్డం గోరువెచ్చని నీటితో రెండు మూడు నిమిషాలు నాననివ్వండి. బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండాలి. వెంట్రుకలు మొలిచిన వైపుకే, చిన్న చిన్నగా లాగండి. మెడ మీద వెంట్రుకలు ఒక్కొక్కరికి ఒక్కో దిక్కుకు పెరుగుతాయి, వేలితో తడిమి చూసుకోండి. చాలామంది రక్తం కళ్ళజూసేది అక్కడే మరి! చివర్లో తడి పటిక రాస్తే సరి.

ఒక విన్నపం. వాడిన బ్లేడును చెత్తబుట్టలో ఊరికే పడేయకండి. పాత రేకు డబ్బాలో వేసి, మూత బిగించి ఇవ్వండి. లేకపోతే పొద్దున్నే చెత్త తీసుకెళ్ళే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కార్మికుల చేతులు తెగుతాయి.