పట్టిన చెయ్యి

మా అమ్మ మంత్రసాని. చదువు లేదు, సంతకం లేదు. ఎంతమందికి పురుడు పోసిందో లెక్కా లేదు. ఆ ఊరు కూడా ఇప్పుడు లేదు. విశాఖ ఉక్కు కర్మాగారం గోడ లోపల ఎక్కడో కలిసిపోయింది. ఆ ఊళ్ళో అమ్మ చెయ్యి తగలకుండా భూమ్మీద పడ్డ బిడ్డలు తక్కువ. ఆ చెయ్యి తగిలిన నీళ్ళు మాత్రం పెద్దిళ్ళలో ఎవరూ తాగలేదు.

మాది మాలపేట. నొప్పులొస్తే పాలేరు వచ్చి పేట చివర నిలబడి కేకేసేవాడు. అమ్మ దొడ్డిదారిన వెళ్ళేది. పురిటిగదిలో ఉన్నంతసేపూ అమ్మదే మాట. నడుం రాసేది, భుజం ఆనించుకునేది, ఎప్పుడు నడవాలో ఎప్పుడు ముక్కాలో చెప్పేది. బిడ్డ పడ్డాక బొడ్డు కోసి, మాయ పాతిపెట్టి, నెత్తురు గుడ్డలు ఉతికి బయటికొచ్చేది. చేటలో కుంచెడు ధాన్యం, పైన ఒక పాత కోక పడేసేవారు. ఆమె కూచున్న చోట పేడనీళ్ళు చల్లుకునేవారు. పుట్టిన బిడ్డకి మాత్రం ఆ మైల అంటేది కాదు కాబోలు!

అమ్మకి మూడు మాటలుండేవి. "పట్టిన సెయ్యి ఒగ్గీకూడదు. సూసింది బయట సెప్పకూడదు. సేతకాంది దాయకూడదు." ఇవి ఆమెకి ఎవరూ నేర్పలేదు. మొదటి రెండూ వాళ్ళమ్మని చూసి నేర్చుకుంది. మూడోది ఒక రాత్రి నేర్పింది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. స్టీలు ప్లాంటుకి ఇందిరాగాంధీ రాయి వేసిన 1971కి ముందు సంవత్సరం. ఒక పెద్దింటి కోడలికి తొలికాన్పు. నేను లాంతరు పట్టుకుని అమ్మ వెంట వెళ్ళాను. రెండో రాత్రికి బిడ్డ అడ్డం తిరిగిందని అమ్మకి తెలిసిపోయింది. దొడ్లోకి వచ్చి చేతులు కట్టుకుని వంగి చెప్పింది. "బాబూ, ఇది నా సేతిలో లేదు. బేగి బండి కట్టించండి. పెద్దాసుపత్రికి తీసుకెల్లండి." పెద్దాసుపత్రి అంటే కింగ్ జార్జి ఆసుపత్రి. 1923 నుంచీ ఉంది. ఇంటాయన అరుగు దిగలేదు. "మాలదానివి, నువ్వు చెప్తే బండి కట్టాలేటి? లోపలికెళ్ళి నీ పని చూడు" అన్నాడు.

అమ్మ లోపలికెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూచుంది. తెల్లారకముందే తల్లీబిడ్డా ఇద్దరూ పోయారు. మాలదాని చెయ్యి మంచిది కాదని ఊరంతా అన్నారు.

తర్వాత ఎన్నో ఏళ్ళు అమ్మా నేనూ వాదించుకున్నాం. నీ తప్పేముంది, చెప్పావు కదా, వాళ్ళు వినలేదు అని నేను. అమ్మ ఒకటే అనేది. "ఒక్కపాలే సెప్పినాను. వంగి సెప్పినాను. అరిసి సెప్పాల్సింది."

ఆ మాట దగ్గరే నేను ఇప్పటికీ ఆగిపోతాను. అమ్మకి తెలివి ఉంది, పనితనం ఉంది. అరిచే నోరు లేదు. ఆ నోరు ఆమె పోగొట్టుకున్నది కాదు. తరాల తరబడి నొక్కేసినది. బాధ్యత ఒకరి నెత్తిన పెట్టి, నోరు ఇంకొకరి దగ్గర ఉంచితే అది ధర్మం కాదు, వెట్టి. ప్రాణం నిలబడితే దేవుడి దయ, పోతే మాలదాని చెయ్యి!

మరి మమ్మల్ని అంటరానివాళ్ళన్న ఇంటికి మేం ఎందుకు బాకీ పడాలి? అడిగాను. "నాను ఆ ఇంటికి ఎల్లలేదే. ఆ గుంట కాడికెల్లినాను" అంది అమ్మ. నిజమే. చాప మీద ఉన్న ఆ పిల్లకీ బండి కట్టమని చెప్పే నోరు లేదు. ఆ గదిలో ఇద్దరూ నోరు లేనివాళ్ళే. పురుడు పోసే మనిషి ఎవరికి జవాబుదారీ అంటే, ధాన్యం కొలిచే ఇంటికి కాదు, నొప్పి పడుతున్న మనిషికి. ఇది నాకు చెప్పింది పుస్తకాలు కాదు.

చెప్పినా నేను నేర్చుకోలేదు. అదే నా గోడు.

ఊరు పోయింది. ఆర్ కార్డు ఇచ్చి పెదగంట్యాడ వైపు కాలనీలో పడేశారు. నేను హాస్టల్లో చదివి నర్సునయ్యాను. తెల్లబట్టలు వేసుకున్నాను. 1988లో మా కాలనీ పిల్లని నొప్పులతో నేను పనిచేసే ఆసుపత్రికే తీసుకొచ్చింది అమ్మ. లేబర్ రూం గుమ్మం దగ్గర ఆ పిల్ల అమ్మ చెయ్యి వదలదు. డాక్టరు చూస్తున్నారు. పక్క నర్సులు చూస్తున్నారు. నేనెవరి కూతుర్నో వాళ్ళకి తెలియకూడదు అనుకున్నాను. "బయటుండాలి. రూల్సు ఒప్పుకోవు" అని ఆ చెయ్యి నేనే విడిపించాను. లోపల ఆ పిల్ల అరిస్తే అందరిలాగే నేనూ కసిరాను. కాన్పు బాగానే అయింది. సాయంత్రం అమ్మ మెట్ల మీద కూచుని ఉంది. "రూలుకి కాదే, నానంటే సిగ్గుకి ఒగ్గించినావు" అంది. నేను జవాబు చెప్పలేదు.

ఆసుపత్రి వద్దని నేననను. అడ్డం తిరిగిన బిడ్డని కోసి తీసే చోటు అదే. ఆ రాత్రి బండి కట్టి ఉంటే ఇద్దరూ బతికేవారేమో. 2005లో జననీ సురక్షా యోజన వచ్చాక ఆసుపత్రి కాన్పులు పెరిగాయి, మంచిదే. కానీ మంత్రసానిని పంపించేటప్పుడు ఆమెతోపాటు ఆ పట్టుకునే చేతిని కూడా బయటికి పంపించాం. 1980లో గ్వాటెమాలాలో చేసిన పరిశోధన అచ్చయింది. నొప్పులప్పుడు పక్కన ఒక ఆడమనిషి ఉంటే కాన్పు తొందరగా అవుతోందని తేలింది. నేను అమ్మని బయట నిలబెట్టింది దాని తర్వాత ఎనిమిదేళ్ళకి! తోడుమనిషిని ఉండనివ్వాలని కేంద్రం 2017లో లక్ష్య కార్యక్రమంలో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అప్పటికి అమ్మ లేదు.

ఇప్పుడు నగరాల్లో డౌలాలని వస్తున్నారు. పురుడు పొయ్యరు, తోడుంటారు. వాళ్ళకి నియమాలున్నాయి. వైద్యం చెయ్యకూడదు, తల్లి బదులు నిర్ణయం చెయ్యకూడదు, గుట్టు బయటపెట్టకూడదు, ఒప్పుకున్నాక వదిలిపోకూడదు. చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సగం మా అమ్మ మాటలే. డౌలా అనేది గ్రీకు మాట. బానిస స్త్రీ అని అర్థం. 1973లో డానా రాఫెల్ అనే అమెరికా ఆవిడ దాన్ని ఈ అర్థంలో వాడింది. బానిస పేరు పెట్టుకున్నవాళ్ళకి ఫీజు, సర్టిఫికెట్టు. ఆ పనితోపాటు పురుడే పోసినవాళ్ళకి చేట, పాత కోక. వాళ్ళని తప్పుపట్టడం లేదు. మంత్రసాని మనవరాలికి ఆ సర్టిఫికెట్టు దక్కుతుందా అని మాత్రం అడుగుతున్నాను.

నేను రిటైరయ్యాను. కాలనీ పిల్లలు రమ్మంటే తోడు వెళ్తాను. మొన్న ఒక లేబర్ రూం దగ్గర చిన్న నర్సు, నా కూతురి వయసు ఉంటుంది, "బయటుండండమ్మా" అంది. ఉండొచ్చని రూలుందమ్మా అన్నాను. వినలేదు. మళ్ళీ చెప్పాను. మూడోసారి కాస్త గట్టిగానే చెప్పాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకునే ఉంది.