మారుమనస్సు: మూడు స్టేషన్ల దూరం



ఈ వారం వీడియోలో లూకా సువార్త 19వ అధ్యాయం నుంచి జక్కయ్య గురించి ధ్యానించాం. కెమెరా ముందు చెప్పలేకపోయిన నా సాక్ష్యం ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

ఇంజనీరింగ్ అయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి కోర్సు నేర్చుకున్నాను. ఫీజుకి డబ్బుల్లేకపోతే నా రూమ్మేట్ 12 వేలు ఇచ్చాడు. "జాబ్ వచ్చాక ఇద్దువులేరా" అన్నాడు. జాబ్ వచ్చింది. ఎల్బీనగర్‌కి మారిపోయాను. అతని ఫోన్ ఎత్తడం మానేశాను.

రోజూ మెట్రోలోనే ఆఫీసుకి వెళ్తాను. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్. ఆ స్టేషన్ రాగానే తల దించుకుని ఫోన్ చూసుకునేవాణ్ణి. ఆదివారం మాత్రం ఆరాధనలో "ప్రభువా, నన్ను మార్చు" అని ఏడ్చేవాణ్ణి.

మేము కోడ్‌లో 'తర్వాత సరిచేయాలి' అని కామెంట్ రాసి వదిలేస్తుంటాం. ఏళ్ళు గడిచినా అది అక్కడే ఉంటుంది. నా ప్రార్థన కూడా అలాగే ఉండేది.

జక్కయ్యను చూడండి. యెరికోలో సుంకపు గుత్తదారుడు, ధనవంతుడు. అతను మారాడని యేసు అతని ఇంటికి వెళ్ళలేదు. మారకముందే మేడిచెట్టు కింద ఆగి పేరు పెట్టి పిలిచాడు. కృపే ముందు వచ్చింది. కానీ కృప అడుగుపెట్టిన ఇంట్లో పాత లెక్కలు అలాగే ఉండిపోలేదు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. 'తర్వాత చూద్దాం' అనలేదు.

మన తెలుగు బైబిల్లో దీనికి మారుమనస్సు అనే మాట ఉంది. మనసు మారితే కాళ్ళు నడిచే దారి కూడా మారాలి కదా!

ఒక శనివారం దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. అతను ఇంకా అదే హాస్టల్లో ఉన్నాడు. డబ్బు చేతిలో పెట్టి, క్షమించమని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "డబ్బుల కోసం కాదురా నీకు ఫోన్ చేసింది. అప్పుడు నాన్న ఆస్పత్రిలో ఉన్నాడు. ఎవరితోనైనా మాట్లాడాలనిపించింది" అన్నాడు. వాళ్ళ నాన్నగారు ఇప్పుడు లేరు.

నాలుగింతలు ఇచ్చినా ఆ రాత్రులు అతనికి తిరిగి ఇవ్వలేను. క్షమాపణ దేవుని దగ్గర ఎప్పుడూ ఉంటుంది. సరిచేసుకునే సమయం మాత్రం మన చేతిలో ఎప్పుడూ ఉండదు. ఇప్పుడు అతని ఫోన్ మొదటి రింగుకే ఎత్తుతున్నాను.

ప్రియులారా, మీరు తల దించుకుని దాటిపోతున్న స్టేషన్ ఏది? ఈ రోజే దిగండి. ప్రభువు మీతో కూడా దిగుతాడు.

ఆయన కృప మీకు తోడై యుండును గాక. ఆమేన్.