పట్టికలో నిలిచిన వర్ణం

ఒక వర్ణాన్ని వేయిసార్లు ఉచ్చరించినప్పుడు వినబడేది ఒకే వర్ణమా, లేక పోలిక గల వేయి వేర్వేరు వర్ణాలా అన్న ప్రశ్నపై మీమాంసకులకూ నైయాయికులకూ మధ్య శతాబ్దాల తరబడి వాదం సాగింది. వర్ణం నిత్యమనీ, ధ్వని దానిని పుట్టించక వెల్లడి మాత్రమే చేస్తుందనీ మీమాంసకులైన శబరస్వామి, కుమారిలభట్టు ప్రతిపాదించి, ‘ఇది అదే గకారం’ అని శ్రోతకు కలిగే గుర్తింపును, అంటే ప్రత్యభిజ్ఞను, అందుకు ఆధారంగా చూపారు. శబ్దం పుట్టి నశించేదేననీ, అలా పుట్టిన గకారాలన్నీ ఒకే జాతికి చెందినవి కావడం వల్లనే ఆ గుర్తింపు కలుగుతుందనీ నైయాయికులు బదులిచ్చారు. వ్రాతను భద్రపరిచే నేటి రిలేషనల్ డేటాబేసులలో ఈ వాదం మరొక రూపంలో ఎదురవుతుంది.

1970లో ఇ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించిన నమూనాలో సమాచారమంతా పట్టికలుగా ఉంటుంది. ఒక పట్టికను మరొకదానితో కలిపేది నిల్వ స్థలపు చిరునామా కాదు, రెండు చోట్లా ఉన్న విలువలు సమానం కావడమే. అందువల్ల రెండు మాటలు ఎప్పుడు ఒకటే అవుతాయన్నది అక్కడ పునాది ప్రశ్న. పట్టికలో నిలిచేది అక్షరపు ఆకారం కాదు, సంఖ్య. యూనికోడ్ ప్రమాణం ప్రతి లిపిచిహ్నానికీ కోడ్ పాయింట్ అనే సంఖ్యను కేటాయించగా, యూటీఎఫ్-8 పద్ధతి ఆ సంఖ్యను బైట్లుగా, అంటే ఎనిమిదేసి బిట్ల ముక్కలుగా, మారుస్తుంది. కకారపు సంఖ్య 3093; అది 3 బైట్లలో ఇముడుతుంది. వేయి వరుసలలో కకారం ఉంటే బైట్ల గుంపులు వేయి ఉంటాయి గనుక నైయాయికుని మాట నిజమనిపిస్తుంది. వాటన్నిటి వెనుక సంఖ్య ఒక్కటే గనుక మీమాంసకుని మాటా నిలిచేలాగే కనిపిస్తుంది.

అయితే చిక్కు ఒంటి చిహ్నం దగ్గర కాదు, చిహ్నాల కూడిక దగ్గర వస్తుంది. ‘గౌః’ అనే పదం గకార ఔకార విసర్గలే తప్ప వేరొకటి కాదన్న మీమాంసాచార్యుడు ఉపవర్షుని మాటను శబరస్వామి ఉదాహరించగా, వైయాకరణుడైన భర్తృహరి ‘వాక్యపదీయం’లో భాగాలు లేని అఖండ శబ్దాన్ని, అంటే స్ఫోటాన్ని, అంగీకరించాడు. యంత్రం ఉపవర్షుని పక్షానే నిలుస్తుంది: పాఠకుడు ఒకే అక్షరంగా చదివే ‘క్షి’ దానికి కకారం, పొల్లు, షకారం, గుడి అనే నాలుగు చిహ్నాలు, 12 బైట్లు. కానీ ‘కై’లోని ఐత్వాన్ని ఒకే చిహ్నంగానైనా, ఎత్వమూ దాని కింది గుర్తూ అనే రెండు చిహ్నాలుగానైనా వ్రాయవచ్చు. మొదటిది 6 బైట్లు, రెండవది 9. కంటికి రెండూ ఒకటే అయినా, బైట్లను మాత్రమే పోల్చే డేటాబేసుకు అవి వేర్వేరు మాటలు. భాగాలలో లేని ఏకత్వం పాఠకుని బుద్ధిలో ఉన్నదన్న భర్తృహరి పక్షానికి ఇది బలమిస్తుంది.

ఈ లోటును తీర్చేది కొలేషన్, అంటే మాటల సమానతనూ వరుసక్రమాన్నీ నిర్ణయించే నియమావళి. బైట్లు వేరైనా సమానమని ఒప్పుకునే కొలేషన్‌లను పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 2019లో తన 12వ వెర్షన్‌లో చేర్చింది. ఆ నియమం నిల్వ ఉన్న వ్రాతలో ఉండదు. బయటి నుండి వర్తిస్తుంది, మారవచ్చు కూడా. 2018లో లినక్స్ వ్యవస్థలు వాడే జీలిబ్‌సీ లైబ్రరీ 2.28వ వెర్షన్‌లో వరుసక్రమ నియమాలు మారినప్పుడు, పాత క్రమంలో కట్టిన సూచికలలో వెదికితే, పట్టికలో ఉన్న మాటే దొరకకపోయే ప్రమాదం ఏర్పడింది. ఒక్క బైటు కూడా మారలేదు.

దీనితో వర్ణనిత్యత్వం ఖండితమైనదనడం తొందరపాటు. బైట్లు కూడా ధ్వనివలె వెల్లడి చేసే సాధనాలే గనుక వాటి అనేకత్వం వర్ణానికి అంటదని మీమాంసకుడు చెప్పగలడు. అయితే గుర్తింపు దానంతట అదే కలుగుతుందన్న అతని ధీమా యంత్రంలో చెల్లదు. అక్కడ ముందు నియమం ఉండాలి, ఆ తరువాతనే ‘ఇది అదే’ అన్న తీర్పు వస్తుంది. మనిషి విషయంలో ఈ క్రమం తిరగబడుతుంది: చదువరులు రెండు రూపాలనూ ముందే ఒకటిగా గుర్తిస్తున్నందువల్లనే నియమకర్తలు వాటిని సమానమన్నారు. కాబట్టి యంత్రపు సమానత స్వతంత్ర ప్రమాణం కాదు, మానవ ప్రత్యభిజ్ఞకు వ్రాసిపెట్టిన అనుకరణ. ఆ ప్రత్యభిజ్ఞకు విషయం ఒకే వర్ణమా, ఒకే జాతియా అన్న వివాదాన్ని అది తీర్చజాలదు.